ముంపులో బతికే వరి: ఆ జన్యువు చేసే పని ఏమిటి, చేయని పని ఏమిటి?

నమస్కారం. మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా చెబుతాను. ఎర్రకాలువ పక్కన నాలుగెకరాల పల్లపు పొలం ఉంది; సార్వాలో ఎంటీయూ 7029, అంటే స్వర్ణ, వేస్తున్నారు; రెండు మూడేళ్లకొకసారి నాట్లు పడిన నెల లోపలే చేను కనబడకుండా మునిగిపోతోంది. స్వర్ణ సబ్-1 అనే రకంలో ముంపును తట్టుకునే జన్యువు ఉందని విన్నారు. అది నిజంగా పనిచేస్తుందా, అది జన్యుమార్పిడి విత్తనమా, కరువుకూ చౌడుకూ కూడా ఇలాంటి జన్యువులు ఉంటే అన్నింటినీ ఒకే వరిలో ఎందుకు పెట్టరు అన్నవి మీ మూడు ప్రశ్నలు.

సూటిగా చెప్పాలంటే, మీరు వివరించిన రకం ముంపుకు స్వర్ణ సబ్-1 పనికి వస్తుంది. అది జన్యుమార్పిడి పంట కాదు. పైరు పిలక దశలో ఉండగా పూర్తిగా నీట మునిగి, రెండు వారాల లోపల నీరు తీస్తే, మామూలు స్వర్ణ చాలావరకు చచ్చిపోయే చోట ఇది తిరిగి చిగురిస్తుంది. అయితే మోకాలి లోతు నీరు నెలల తరబడి నిలిచే బాడవకూ, వెదజల్లిన గింజ మొలకెత్తకముందే మునిగే పొలానికీ, ఈనిక సమయంలో వచ్చే తుఫానుకూ ఇది మందు కాదు. మూడో ప్రశ్నకు సమాధానం కొంచెం పెద్దది. దాని దగ్గరకు చివర్లో వస్తాను. నేను 26 ఏళ్లు వరి ప్రజననంలో, అంటే కొత్త వరి రకాలు తయారుచేసే పనిలో, అందులో ఎక్కువ కాలం ముంపు పరీక్షల్లోనే పనిచేశాను కాబట్టి పుస్తకంలో ఉన్నదీ, తొట్టెలో చూసినదీ కలిపి రాస్తున్నాను.

వరి నీటిలో పెరిగే పంటే కదా, నీటిలో ఎందుకు చస్తుందని చాలామంది అడుగుతారు. వరి వేళ్లు నీటిలో ఉండగలవు, ఎందుకంటే ఆకులు గాలిలో ఉంటాయి; ఆకు నుండి వేరు దాకా మొక్క లోపల గాలి గొట్టాలు ఉంటాయి. ఆకు కూడా మునిగితే ఆ దారి మూసుకుపోతుంది. గాలిలో కంటే నీటిలో వాయువులు సుమారు 10 వేల రెట్లు నెమ్మదిగా కదులుతాయి కనుక లోపలికి ఆక్సిజన్ రాదు, లోపల తయారైన ఇథిలీన్ వాయువు బయటికి పోదు. ఇథిలీన్ పేరుకుపోయిందంటే తాను మునిగిపోయినట్టు మొక్క గుర్తిస్తుంది. అప్పుడు జిబ్బరెల్లిన్ అనే పెరుగుదల హార్మోను జోరందుకుని, ఆకులూ కాండమూ పైకి సాగడం మొదలవుతుంది. నీటి మట్టాన్ని దాటి తల బయటపెట్టాలన్నది దాని ప్రయత్నం.

నీరు మూడు నాలుగు రోజుల్లో తీస్తే ఈ ప్రయత్నం వల్ల పెద్ద నష్టం ఉండదు. కానీ బురద నీటిలో వెలుతురు అందక కొత్తగా పిండిపదార్థం తయారు కాదు. సాగడానికి కావలసిన శక్తి అంతా దుబ్బు మొదట్లో దాచుకున్న నిల్వ నుండే రావాలి. గాదెలోని ధాన్యమంతా ఒక్క వారంలో ఖర్చు పెట్టుకున్న ఇంటిలా, పదో రోజుకు మొక్క దగ్గర ఏమీ మిగలదు. నీరు తీసేసరికి సాగిన ఆకులకు నిలబడే బలం ఉండదు, కొత్త ఆకు వేయడానికి నిల్వ ఉండదు.

సబ్1ఎ అనే జన్యువు సరిగ్గా ఈ ఖర్చును ఆపుతుంది. వరిలోని 12 క్రోమోజోములలో తొమ్మిదో దాని మీద సబ్1ఎ, సబ్1బి, సబ్1సి అని మూడు జన్యువులు దగ్గర దగ్గరగా ఉంటాయి. చివరి రెండూ సాగులో ఉన్న వరి రకాలన్నింటిలోనూ ఉంటాయి. మొదటిది కొన్ని ఇండికా (మన వైపు పండే తరహా) వరులలోనే ఉంటుంది, అందులోనూ తట్టుకునే రూపం మరీ అరుదు. ఇది ఇతర జన్యువులను పనిలో పెట్టే, పని మాన్పించే తరహా జన్యువు. ఇథిలీన్ పేరుకోగానే ఇది మేల్కొని, జిబ్బరెల్లిన్ మాట చెల్లకుండా చేసే ఎస్‌ఎల్‌ఆర్1, ఎస్‌ఎల్‌ఆర్‌ఎల్1 అనే రెండు ప్రోటీన్ల మోతాదును పెంచుతుంది. పెరుగుదల ఆగుతుంది, పిండిపదార్థం కరగడం మందగిస్తుంది, ఆకులోని పచ్చదనం తొందరగా పోదు. ఆక్సిజన్ లేకుండా కొద్దిపాటి శక్తిని తీసుకునే పులియబెట్టే ప్రక్రియ మాత్రం బలపడుతుంది. నీరు తీయగానే ఇథిలీన్ బయటికి పోతుంది, జన్యువు శాంతిస్తుంది, దాచిన నిల్వతో కొత్త ఆకు వస్తుంది.

కాబట్టి దీన్ని "ముంపును ఎదిరించే శక్తి" అనడం నాకు ఇష్టం ఉండదు. అది శక్తి కాదు, మొక్క ముందే తీసుకుని ఉంచిన ఒక నిర్ణయం: నీరు వస్తే పెరగకుండా ఆగాలి అని. ఈ తేడా ముఖ్యం. కింద చెప్పబోయే జాగ్రత్తలన్నీ దీని నుండే వస్తాయి.

తొట్టె పరీక్షలో ఇది ఎలా కనబడుతుందో చెబుతాను. నెల వయసు పైరును మీటరుకు పైగా లోతు నీటిలో 14 రోజులు ముంచి, పదిహేనో రోజు తూము తీసేవాళ్లం. నీరు దిగుతుండగా స్వర్ణ వరుసలు ముందుగా కనబడేవి. పొడవుగా, పాలిపోయి, నాచు పట్టిన ఆకులు నీటి మీద తేలుతూ వచ్చి, నీరు పూర్తిగా పోగానే తడి జుట్టులా బురదకు అంటుకుపోయేవి. సబ్-1 వరుసలు నీరు అడుగంటేదాకా కనబడేవి కావు. కనబడ్డాక కూడా కంటికి ఇంపుగా ఏమీ ఉండేవి కావు. పొట్టిగా, సగం ఆకులు కుళ్లి, చూసినవాళ్లు ఇదీ పోయిందనుకునేలా ఉండేవి. దుబ్బు మొదలును బ్లేడుతో నిలువుగా చీల్చి చూస్తే తేడా తెలిసేది. స్వర్ణలో లోపలి మొవ్వు గోధుమరంగుకు తిరిగి, నొక్కితే నీరు కారేది. సబ్-1లో తెల్లగా, గట్టిగా, కొత్త క్యాబేజీ కాడలా ఉండేది. వారం తిరిగేసరికి ఆ తెల్లటి మొవ్వు నుండి చిలకపచ్చ ఆకు పైకి వచ్చేది.

ఇదే ఇథిలీన్ సంకేతానికి పూర్తిగా వ్యతిరేకంగా స్పందించే వరులూ ఉన్నాయి. బంగ్లాదేశ్, థాయ్‌లాండ్ ప్రాంతాలలో నెలల తరబడి లోతు నీటిలో పెరిగే వరులు రోజుకు 20 నుండి 25 సెంటీమీటర్ల దాకా సాగి తల పైకి పెడతాయి. దానికి కారణమైన స్నోర్కెల్1, స్నోర్కెల్2 అనే జన్యువులను జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ బృందం 2009లో వెల్లడించింది. విచిత్రం ఏమిటంటే ఇవి కూడా సబ్1ఎ కుటుంబానికి చెందినవే. ఒక జన్యువు ఆగమంటుంది, దాని దాయాది పరుగెత్తమంటుంది. నీరు పది రోజుల్లో పోయే చోట ఆగడం మేలు, మూడు నెలలు పోని చోట సాగడం మేలు. అందుకే ఎవరైనా వచ్చి "ముంపు రకం విత్తనం ఇవ్వండి" అంటే, నీరు ఎంత లోతు, ఎన్ని రోజులు, పైరు ఏ వయసులో అని అడగకుండా నేను ఎన్నడూ విత్తనం చెప్పలేదు.

ఇక జన్యుమార్పిడి సంగతి. ఈ జన్యువు ప్రయోగశాలలో పుట్టింది కాదు, ఒడిశా రైతుల పొలాల నుండి వచ్చింది. అక్కడి ధలాపుటియా అనే నాటు వరి నుండి ఎంపిక చేసిన ఎఫ్‌ఆర్ 13ఎ అనే రకం ముంపును తట్టుకుంటుందని చాలాకాలంగా తెలుసు. దానితో సంకరాలు చేశారు కూడా; అయితే తట్టుకునే గుణంతో పాటు తక్కువ దిగుబడి, నచ్చని గింజ కూడా వచ్చేవి. కెనాంగ్ జూ, డేవిడ్ మెకిల్ అనే శాస్త్రవేత్తలు 1996లో ఆ గుణం తొమ్మిదో క్రోమోజోము మీద ఎక్కడ ఉందో గుర్తించారు. 2006లో వారూ, పమేలా రోనాల్డ్, జూలియా బెయిలీ-సెర్రెస్ తదితరులూ కలిసి అసలు జన్యువు సబ్1ఎ అని నిరూపించారు. ఆ నిరూపణ కోసం ముంపును తట్టుకోలేని ఒక జపోనికా (జపాన్, చైనా వైపు తరహా) వరిలోకి ప్రయోగశాలలో జన్యువును పంపిన మాట నిజమే. అది పరీక్ష వరకే. రైతుకు వచ్చిన విత్తనం అలా తయారైనది కాదు.

స్వర్ణ సబ్-1ను మామూలు సంకరణంతోనే చేశారు. స్వర్ణను ఎఫ్‌ఆర్ 13ఎ వారసత్వం ఉన్న రకంతో కలిపి, వచ్చిన సంతతిని మళ్లీ మళ్లీ స్వర్ణతోనే కలిపారు. ప్రతి తరంలో లేత ఆకు నుండి డీఎన్‌ఏ తీసి, సబ్1 ఉన్న మొక్కలను, మిగతాదంతా స్వర్ణకు దగ్గరగా ఉన్న మొక్కలను మాత్రమే ఉంచుకున్నారు. ముంచి చంపి చూడకుండానే ఎంపిక జరిగిపోతుంది కనుక పదేళ్ల పని రెండు మూడేళ్లలో అయింది. ఈ పద్ధతిని వివరించిన 2007 నాటి పత్రానికి ప్రథమ రచయిత హైదరాబాద్ వరి పరిశోధన సంస్థకు చెందిన సి.ఎన్. నీరజ కావడం, స్వర్ణ మన మార్టేరులో పుట్టిన రకం కావడం మనవాళ్లు కొంచెం గర్వంగా చెప్పుకోవచ్చు. 2009లో ఈ రకం మన దేశంలో విడుదలైంది. ఒడిశాలో 128 గ్రామాలలో జరిపిన క్షేత్ర పరిశీలనలో పది రోజుల ముంపు వచ్చిన పొలాల్లో స్వర్ణ కంటే సుమారు 45 శాతం ఎక్కువ దిగుబడి వచ్చినట్టు, ముంపు రాని పొలాల్లో దిగుబడి ఏమీ తగ్గనట్టు 2013లో ప్రచురించారు. పల్లపు పొలాలు ఎక్కువగా షెడ్యూల్డ్ కులాల వారి చేతుల్లో ఉండడం వల్ల మేలు కూడా వారికే ఎక్కువగా అందుతుందని అదే అధ్యయనం చెప్పింది. మన వైపు పల్లాలు ఎవరివో తెలిసినవారికి ఇది కొత్త కాదు.

ఒక చిన్న తేడా మాత్రం మిగిలింది. స్వర్ణ ధాన్యం పొట్టుకు ఉండే ముదురు బంగారు ఛాయ సబ్-1లో ఉండదు. గడ్డి రంగులో ఉంటుంది. జన్యువుతో పాటు దాని పక్కనున్న కొంత క్రోమోజోము ముక్క కూడా రావడం దీనికి కారణం. బియ్యంలో తేడా లేదు కానీ, కళ్లంలో రంగు చూసి ఇది స్వర్ణ కాదని ధర తగ్గించే వ్యాపారులు ఉంటారు, ముందే మాట్లాడుకోండి. ఇదే రంగు నాకు ఒకసారి పనికి వచ్చింది. ఒక రైతు సబ్-1 అని కొన్న విత్తనం ముంపులో పూర్తిగా పోయిందని, శాస్త్రవేత్తలంతా అబద్ధాలు చెబుతారని మా గదిలోకి వచ్చి గట్టిగా అరిచాడు. మిగిలిన సంచి తెప్పించి గుప్పెడు గింజలు తెల్ల కాగితం మీద పోస్తే అన్నీ ముదురు బంగారు రంగే. మొలకెత్తించి మార్కరు పరీక్ష, అంటే డీఎన్‌ఏలో జన్యువు ఆనవాలు చూసే పరీక్ష, చేస్తే ఒక్క మొక్కలోనూ సబ్1ఎ లేదు. అమ్మినవారు మామూలు స్వర్ణనే కొత్త సంచిలో పోశారు. ఇది సూటి రకం, హైబ్రిడ్ కాదు. ఒకసారి నమ్మకమైన చోట పునాది విత్తనం తెచ్చుకుంటే, కేళీలు, అంటే కలిసిపోయిన వేరే రకం మొక్కలు, ఏరి మీ విత్తనం మీరే కొన్నేళ్లు కట్టుకోవచ్చు.

ఈ జన్యువు ఎక్కడ పనిచేయదో ఇప్పుడు చెబుతాను, ఎందుకంటే నిరాశ పడేవారంతా ఇక్కడే పడతారు.

పైరు సగం మునిగి, 40, 50 సెంటీమీటర్ల నీరు వారాల తరబడి నిలిచే చోట మొక్క కొంత సాగాలి. ఆగమని చెప్పే జన్యువు అక్కడ సాయం చేయకపోగా కొంత అడ్డు కూడా కావచ్చు. అలాంటి బాడవలకు ఎత్తు పెరిగి పడిపోని రకాలు మేలు. పుల్ల అనే ఊరి పరిశోధన స్థానం నుండి వచ్చిన పీఎల్ఏ 1100 పేరే బాడవ మసూరి అయింది. పొట్ట దశ, ఈనిక దశలలో మునిగితే పుప్పొడి, గింజ పాలు పోసుకోవడం దెబ్బతిని తాలు పోతుంది. దాన్ని సబ్1ఎ ఆపలేదు. వెదజల్లే సాగులో గింజ మొలకెత్తకముందే నీరు నిలిస్తే మొక్క ఆగకూడదు, నిల్వను చకచకా కరిగించుకుని పైకి రావాలి. దానికి వేరే జన్యువు ఉంది. ఖావ్ హ్లాన్ ఆన్ అనే మయన్మార్ నాటు వరి నుండి ఓఎస్‌టీపీపీ7 అనే జన్యువును 2015లో గుర్తించారు. సబ్1ఎ చేసే పనికి ఇది దాదాపు ఎదురు. ఇక నీరు బురదగా, వేడిగా ఉంటే రెండు వారాలని చెప్పిన గడువు తగ్గుతుంది. తేటగా, చల్లగా ఉంటే ఇంకొన్ని రోజులు కూడా ఓర్చుకుంటుంది.

నీరు తీసిన తరువాతి వారం ముంపంత ప్రమాదకరమైనది. కింద బురద తడిగానే ఉంటుంది, పైన ఆకులు ఎండలో వాడిపోతాయి. దెబ్బతిన్న వేళ్లు నీటిని పైకి లాగలేవు. పైగా హఠాత్తుగా ఆక్సిజన్ తగలడంతో కణాలలో విషపూరిత ఆక్సిజన్ రూపాలు పుడతాయి. సబ్1ఎ ఈ రెండింటిలోనూ మొక్కకు కొంత సాయపడుతుందని 2011లో తేలింది. రైతు చేయవలసింది కూడా ఉంది. మురుగు తీయండి కానీ పొలాన్ని ఒక్కసారిగా ఎండగట్టకండి, పలుచగా నీరు ఉంచండి. మొదటి నాలుగైదు రోజులు చేలో దిగి తొక్కవద్దు. చనిపోయిందనుకుని దున్నేయడానికి తొందరపడవద్దు. పది దుబ్బులు పీకి, నేను చెప్పినట్టు మొదలు చీల్చి చూడండి. యూరియా నీరు తీసిన రోజే వేస్తే దండగ. కొత్త ఆకు కనబడ్డాక, సుమారు వారం రోజులకు, కొంచెం యూరియాతో పాటు పొటాష్ కలిపి వేయించేవాణ్ణి. అలాగే ముంపుకు ముందు నత్రజని దట్టించిన నారు తొందరగా పోతుంది. పలుచగా పోసి పెంచిన, కాస్త ముదురు నారు నిలబడుతుంది. ఒకే విత్తనం వేసిన పక్క పక్క పొలాల్లో ఒకటి లేచి ఒకటి పోవడానికి నేను చూసిన కారణాలలో నారు నాణ్యతే ముందు.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. చౌడుకూ కరువుకూ జన్యువులు ఉన్నాయి, కానీ సబ్1ఎ లాంటిది దొరకడం అరుదు. ఒక్క జన్యువు, ఒక్క గుణం, పొలంలో కంటికి కనబడేంత తేడా, మామూలు ఏడాదిలో నష్టం లేకపోవడం: ఈ నాలుగూ ఒకచోట కుదరడం నా అనుభవంలో అదృష్టమే.

చౌడు విషయంలో ఓఎస్‌హెచ్‌కేటీ1;5 అనే జన్యువు ఉంది. బెంగాల్ నాటు వరి నోనా బొక్రా నుండి 2005లో దీన్ని వేరుచేశారు. కేరళ పొక్కలి వరి నుండి వచ్చిన సాల్టోల్ అనే క్రోమోజోము భాగం కూడా ఆ జన్యువు ఉన్న ఒకటో క్రోమోజోము మీదే ఉంటుంది. వేరు నుండి పైకి వెళ్లే నీటిలోని సోడియాన్ని ఈ జన్యువు దారిలోనే పక్కకు లాగి, ఆకుకు చేరకుండా చూస్తుంది. నారు దశలో బాగా ఉపయోగపడుతుంది. ఈనిక దశలో ఉప్పును తట్టుకోవడానికి వేరే జన్యువులు కావాలి కనుక, సాల్టోల్ ఒక్కటే పెట్టి తీరప్రాంత రైతుకు హామీ ఇవ్వడం నాకు సమ్మతం కాదు.

కరువు ఇంకా చిక్కు. బెట్ట ముందు వస్తుందా, మధ్యలోనా, ఈనికలోనా అన్నదాన్ని బట్టి మొక్క చేయవలసిన పని మారిపోతుంది. డీఆర్‌ఓ1 అనే జన్యువు వేరు కోణాన్ని మార్చి నిలువుగా లోతుకు దింపుతుంది; 2013లో ఐఆర్ 64 అనే వరి రకంలో పెట్టి చూపించారు. కింద తేమ ఉన్న నేలలో అది వరం, కింద రాతి పొర ఉంటే చేసేదేమీ లేదు. డీఎస్‌టీ అనే జన్యువుది మరో దారి. అది ఉంటే ఆకు రంధ్రాలు తెరుచుకుని ఉంటాయి, అది పనిచేయకపోతే నీరు ఆదా అవుతుంది. మన కాటన్‌దొర సన్నాలు, అంటే ఎంటీయూ 1010లో ఆ జన్యువును సవరించి పూసా డీఎస్‌టీ రైస్ 1 అని ఢిల్లీ శాస్త్రవేత్తలు చేసిన రకాన్ని 2025 మేలో ప్రకటించారు. ఇది జన్యు సవరణ. బయటి డీఎన్‌ఏ మిగలని ఇలాంటి మొక్కలకు జన్యుమార్పిడి పంటల కఠిన నిబంధనల నుండి 2022లో మినహాయింపు ఇచ్చారు. దాని పరీక్షా ఫలితాలపై వాదోపవాదాలు నడిచాయి. నాలుగైదు కాలాలు రైతు పొలంలో చూశాకనే నేను మాట్లాడతాను.

పత్రికలలో మీరు ఎక్కువగా చదివే డీఆర్‌ఈబీ జాతి జన్యువులది వేరే కథ. ఒక్కొక్కటి వందలాది రక్షణ జన్యువులను ఒకేసారి మేల్కొలుపుతుంది. ఎప్పుడూ పనిచేస్తూ ఉండేలా మొక్కలో పెడితే మొక్క గిడసబారిపోతుంది, ఎందుకంటే శత్రువు రాకపోయినా కాపలాకే తిండి అంతా ఖర్చవుతుంది. కుండీలో పది రోజులు నీరు ఆపి, బతికిన మొక్కలను లెక్కపెట్టిన ఫొటోలు నేను చాలా చూశాను. రైతుకు బతికిన మొక్కలు కాదు, నిండిన బస్తాలు కావాలి.

అయినా కలిపిన రకాలు లేకపోలేదు. కటక్ నుండి వచ్చిన సీఆర్ ధాన్ 801లో స్వర్ణకు సబ్1తో పాటు బెట్టలో దిగుబడి నిలబెట్టే క్రోమోజోము భాగాలను కూడా జోడించారు. హైదరాబాద్ నుండి వచ్చిన డీఆర్ఆర్ ధాన్ 50లో సాంబ మసూరికి అదే చేశారు. ఒక భాగం కలిపిన ప్రతిసారీ దాని పక్కనున్నది కూడా కొంత వెంట వస్తుందని పొట్టు రంగు కథలో చూశారు కదా. నాలుగైదు భాగాలు కలిపేసరికి వంట, గింజ, కాలం ఏదో ఒకటి స్వర్ణలా ఉండదు. అన్నీ ఒకే వరిలో పెట్టకపోవడానికి పెద్ద కారణం ఇదే.

మీ నాలుగెకరాలకు వస్తే, మొదటి ఏడాది అంతా మార్చమని చెప్పను. కాలువ వైపు పల్లంగా ఉన్న ఎకరంన్నరలో స్వర్ణ సబ్-1 నాటండి, మిగతాది మీ పాత స్వర్ణే ఉంచండి. రెండూ 140 నుండి 150 రోజుల పంటలే కనుక కోతలో ఇబ్బంది ఉండదు. పల్లంలో ఒక వెదురు కర్ర పాతి, అడుగుకొక గీత పెట్టి, నీరు చేను తల దాటిన తేదీ, తీసిన తేదీ రాసుకోండి. పన్నెండు రోజుల లోపు అయితే ఈ విత్తనంతోనే కొనసాగండి. నీరు తల దాటకుండా నడుం లోతున నెల నిలుస్తోందని తేలితే నాకు ఆ తేదీలు ఇక్కడే రాయండి, అప్పుడు వేరే రకం గురించి మాట్లాడుకుందాం.